గంగారాం ఫౌజు కత్తి

"నకిలీదైతే నకిలీదని మొఖం మీదనే చెప్పున్రి సార్. ఇది ఊరి ఇజ్జత్ ముచ్చట," అన్నాడు మధు.

దేవేందర్ మడత కత్తిని కిటికీ వెలుతురులోకి తిప్పి, కంటికి చిన్న భూతద్దం బిగించుకున్నాడు.

కోరుట్లలో అతనికి గడియారాల దుకాణం ఉంది. దుబాయిలో పనిచేసిన రోజుల్లో పాత సామాన్ల బజారులో ఒక ఫౌజు కత్తి కొన్నాడు. అప్పట్నుంచి పట్టుకున్న పిచ్చి అది. సిపాయిలకు సర్కారు ఇచ్చే జేబు కత్తులు ఇప్పటికి పంతొమ్మిది పోగేశాడు. వాటిలో ఒక్కటి కూడా ఎవరి చేతిలో ఉండేదో తెలియదు. అందుకే చందుర్తి పక్క పల్లె నుంచి మైసయ్య ఫోన్ చేసి, "మా నాయిన కత్తి సార్. అమ్మేది లేదు. అసలుదేనని ఒక్క మాట చెప్పిపోతే సాలు," అనగానే దుకాణం మూసి బస్సెక్కాడు.

మర్నాడు ఊరి బడిలో మైసయ్య తండ్రి గంగారాం ఫోటో పెడుతున్నారు. కింద అద్దాల పెట్టెలో ఆ కత్తి ఉంచుతారు. డెబ్బై ఒకటి పాకిస్తాన్ యుద్ధానికి ఈ ఊరి నుంచి పోయింది గంగారాం ఒక్కడే. అంతా కుదిరాక మధు అడ్డం తిరిగాడు. అతను పదిహేడేళ్లు ఫౌజులో చేసి వచ్చినవాడు.

"గంగారాం తాత బొంబాయికి పనికి పోయిండని అందరికెరికె. ఫౌజుల ఎప్పుడు చేరిండో ఎవ్వరికెరుక? కాగితాలేవి మైసన్నా? పించనేది?"

"ఇల్లు కురిసి కాగితాలు నానిపోయినయ్. మూడేండ్లకే ఇంటికచ్చినోనికి పించనెవలిస్తరు?"

ఆ మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది. గంగారాం భార్య భూమవ్వ. ఎనభై దాటిన మనిషి, కూర్చోమన్నా కూర్చోకుండా ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది.

దేవేందర్ కత్తి తెరిచాడు. నల్ల పిడి, చివర తాడు కట్టుకునే ఇనుప కడియం. బ్లేడు మొదట్లో సర్కారు సామానుకు కొట్టే బాణం గుర్తు, పక్కన సంవత్సరం. ఎవరి చేతిలో ఉండేదో తెలిసిన మొదటి కత్తి. కత్తిని అద్దానికి ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు.

గుర్తు చుట్టూ ఉన్న గీతలు కనిపించాయి.

కత్తి తయారైనప్పుడే గుర్తు కొడతారు. వాడగా వాడగా దాని మీద గీతలు పడతాయి. ఇక్కడ గీతలు ముందు పడ్డాయి. వాటిని తెంపుకుంటూ బాణం దిగింది. ఎవరో తర్వాత, చేత్తో కొట్టిన గుర్తు అది.

"నాయిన తిరిగచ్చిన దినం నాకు యాదికుంది సార్," అంటున్నాడు మైసయ్య. "గుండు కొట్టిచ్చుకోని, ఎముకల గూడు లెక్క అచ్చిండు. ఫౌజు ముచ్చట తీస్తే లేసి బయటికి పోతుండె. గీ కత్తినైతే సచ్చేదాక ముట్టలే. ఎన్ని సావులు చూసిండో ఏమో."

అరవైకి దగ్గరపడ్డ మనిషి. మాట ఆపి గోడ మీది తండ్రి ఫోటో వైపు తిరిగాడు.

"ఏంది సార్, గింతసేపు?" అన్నాడు మధు.

దేవేందర్ తలెత్తాడు. ఇన్నేళ్లలో దొంగ వస్తువును అసలుదని ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాళ్ల దగ్గరైనా సరే, మొహమాటపడలేదు. నోరు తెరవబోతూ భూమవ్వ వైపు చూశాడు. ఆమె కత్తిని చూడటం లేదు, అతన్నే చూస్తోంది. ద్వారబంధం మీద ఆమె వేళ్లు తెల్లబడ్డాయి.

"అసలుదే," అన్నాడు.

"కాగితం మీద రాసిస్తరా?"

మైసయ్య తెచ్చిన కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం చేశాడు దేవేందర్. మధు దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి, గోడ మీది గంగారాం ఫోటో ముందుకు పోయి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

"మాఫ్ చెయ్యి తాతా," అన్నాడు.

మైసయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చాయ్ తాగి దేవేందర్ బయల్దేరుతుంటే, ఎవరు వద్దన్నా వినకుండా భూమవ్వ వెంట నడిచింది. బస్సు ఆగే చోటికి వచ్చాక అటూ ఇటూ చూసింది.

"అసలుదనే ముందు నా దిక్కు చూసినవ్ కొడుకా," అంది అప్పుడు. "గుర్తు దొంగదని ఎరికైంది గదా?"

 ఈ వయసులో ఈమెకు మొగుడి మీద నమ్మకం పోకూడదనుకున్నాడు దేవేందర్.

"మనసుల పెట్టుకోకవ్వా. ఫౌజుల ఇచ్చిన కత్తి పోతే జవాబు చెప్పుకోవాలె. బయపడి బయట ఇంకోటి కొని, గుర్తు కొట్టిచ్చుకున్నడేమో. గంతమాత్రానికి ఆయన ఫౌజు అబద్ధమైతదా?"

"ఆయన కొనలే. కోరుట్ల అంగట్ల నేనే కొన్న. గుర్తు గూడ నేనే కొట్టిచ్చిన."

"నువ్వా? ఎందుకవ్వా?"

దూరంగా బస్సు హారన్ వినిపించింది. భూమవ్వ కొంగు సర్దుకుని, ఇంటి వైపు ఒకసారి వెనక్కి చూసింది.

"నేను బొంబాయిల్నుంచి పొలగాన్ని సంకనేసుకోని ఊరికచ్చిన. అప్పుడు మైసడు ఐదేండ్లోడు. నాయిన ఏడికి పోయిండని దినాం అడుగుతుండె," అంది.

బస్సు వచ్చి ఆగింది. దేవేందర్ ఎక్కలేదు.

"జైలుకు పోయిండని ఎట్ల చెప్పాలె?"