కిల్‌బ్రెక్‌లో మూడో చర్చి

"మూడో చర్చిలోకి ఎటువైపు నుంచి వెళ్లావు?" అడిగాడు ప్రొఫెసర్ గిల్‌క్రిస్ట్.

కావ్యశ్రీ ముందున్న కాగితాలు తిరగేసింది.

అది ఆమె మాస్టర్స్ థీసిస్ డిఫెన్స్; ఎదురుగా కూర్చున్న ముగ్గురు ప్రొఫెసర్ల ప్రశ్నలకి జవాబులు చెప్పి నెగ్గితేనే డిగ్రీ. స్కాట్లాండ్‌లో కిల్‌బ్రెక్ అనే పల్లె, అక్కడ పాడుబడ్డ మూడు చర్చిల చరిత్ర ఆ థీసిస్ విషయం. మొదటిది తుఫానుకి కూలింది. రెండోది తగలబడింది. మూడోదాని కప్పుని ఊరొదిలి పోతున్న జనమే పీక్కుపోయారు. "అన్నీ స్వయంగా చూసి రాశాను" అని మొదటి పేజీలోనే సంతకం పెట్టింది కావ్యశ్రీ. డిపార్ట్‌మెంట్ రూల్ అది.

నిజానికి ఆమె షికాగో పొలిమేర దాటలేదు. వీసా స్టాంపు గడువు ఎప్పుడో తీరింది. దేశం దాటితే తిరిగి రావడానికి కాన్సులేట్‌లో మళ్లీ స్టాంపింగ్ వేయించుకోవాలి. వాళ్లు కాదంటే చదువు గోవిందా. అందుకే నగర శివారు షామ్‌బర్గ్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో మ్యాపులూ, ఫొటోలూ, ఇదే గిల్‌క్రిస్ట్ రాసిన లావుపాటి పుస్తకమూ ముందేసుకుని కిల్‌బ్రెక్ అంతా తిరిగేసింది.

పొద్దున కార్‌లో దింపుతూ రూమ్మేట్ పూజిత ధైర్యం చెప్పింది. "టెన్షన్ పడకే. కాన్ఫిడెంట్‌గా చెప్పెయ్. నువ్వు పోలేదని వాళ్లకెట్ల తెలుస్తది?"

"గిల్‌క్రిస్ట్ ఆ ఊరి మీద నలభై ఏళ్లు రీసెర్చ్ చేశాడే! ప్రతి రాయీ తెలుసు. దొరికితే డిగ్రీ పోద్ది, దాంతో పాటు వీసా స్టేటసూ పోద్ది."

ఇప్పుడు ఆ పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకుని ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఉత్తరం గుమ్మం నుంచి, ప్రొఫెసర్." పుస్తకంలో ఉన్నదే చెప్పింది.

"లోపల నిలబడితే గాలి హోరు వినిపిస్తుందా?"

ఇది పుస్తకంలో లేదు. ఊహించి చెప్పింది. "వినిపిస్తుంది. పైకప్పు లేదు కదా."

"మరి వాసన?"

చచ్చాన్రా దేవుడా అనుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ ఊరికే అనేది కాదు. నోటికొచ్చింది చెప్పేసింది. "తడి గడ్డి వాసన. కాస్త గొర్రెల వాసన కూడా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు.

"మీరు వెళ్తూ ఉండండి, ఈమెతో ఒక్క నిమిషం మాట్లాడాలి" అన్నాడు మిగతా ఇద్దరు ప్రొఫెసర్లతో. వాళ్లు వెళ్లగానే లేచి తలుపు మూశాడు. పాస్ కాగితం మీద ఆయన సంతకం ఇంకా పడలేదు. కావ్యశ్రీకి ఏడుపొచ్చేసింది.

ఆయన గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పకు కావ్యా, విమానమంటే చచ్చేంత భయం నాకు, ఆ ఊళ్లో ఇంతవరకూ అడుగే పెట్టలేదు, ఆ గడ్డి వాసన ఎలా ఉంటుందో ఇంకోసారి చెప్పవూ?"