అంజూర చెట్టుకు హామీ

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం దోబ్రి గొడ్డలి తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. వెనకే భార్య నెదా వచ్చింది. కాపు సరిగా లేని చెట్టును ఆ పూట ఒకరు నరుకుతానని బెదిరించాలి, ఇంకొకరు అడ్డుపడి వచ్చే ఏడు కాస్తుందని హామీ ఉండాలి. మా బల్గేరియా పల్లెల్లో అందరూ చేసేదే.

ఈసారి మాత్రం దోబ్రి గొడ్డలికి నిజంగానే పదును పెట్టాడు. ఆకులు రాలకముందే వచ్చిపడ్డ మంచు పెరడంతా మాడ్చేసింది. పెళ్లినాడు నెదా పుట్టింటి నుంచి తెచ్చుకుని నాటిన అంజూర చెట్టు కూడా నల్లబడింది. దాన్ని పొయ్యిలో పెడతానని అతను వారం నుంచి అంటూనే ఉన్నాడు.

"కాస్తావా, నరకమంటావా?" అని గొడ్డలెత్తాడు.

నెదా చేతులు కట్టుకుంది. "నరుకు. చచ్చినదానికి నేను హామీ ఉండను."

గొడ్డలి గాల్లోనే ఆగింది. "అదేంటే? మీ అమ్మ ఇచ్చిన చెట్టు!"

"అయితే ఏం? కట్టెలకైనా పనికొస్తుంది. కానీయ్ ముసలాయనా, చలేస్తోంది."

"చచ్చిందని నీకెవరు చెప్పారు? చెట్ల సంగతి నీకేం తెలుసు? నేనుంటాను హామీ! దీని మీద చెయ్యి ఎవరు వేస్తారో చూస్తా!"

గొడ్డలి భుజాన వేసుకుని, చెట్టును తను కాపాడిన సంగతి పక్కింట్లో చెప్పడానికి వెళ్లాడు.

నెదా చెట్టు వెనక్కి వెళ్లి వంగి చూసింది. పొద్దున తను గోటితో గీకిన చోట, బెరడు కింద ఇంకా పచ్చగానే ఉంది.

"నువ్వు బతికే ఉన్నావని నేను చెప్పి ఉంటే, ఈపాటికి నరికేసేవాడు," అని చెట్టుతో అంటూ, ఆ గీత అతని కంటబడకుండా ఇంత మట్టి పూసింది.