లోపలి మెలిక

“అమ్మా, ఆ పిల్లకి సున్నా వేయకండి.”

లెక్కల మేడం ఎర్ర పెన్ను ఆపి తలెత్తింది.

ఎదురుగా జవాబు పత్రాల కట్టలు మోసే ముసలాయన. పరీక్ష పత్రాలు దిద్దే ఆ కేంద్రంలో అందరూ ఆయన్ని ‘కట్టలాయన’ అనే పిలుస్తారు. పది రోజులుగా ఆయన నోట మాట విన్నవాళ్లు లేరు.

“రాసింది పిల్లో పిల్లాడో నీకెలా తెలుసు?”

“తెలీదమ్మా. ఎవరైనా ఒకరి పిల్లే కదా. ఆ గీత మాత్రం తప్పు కాదు.”

ధ్రువ నిరూపకాల్లో వక్రం గీయమన్న ప్రశ్న అది. పది మార్కులు. మధ్య బిందువు నుంచి ఏ కోణంలో ఎంత దూరమో లెక్కగట్టి, చుక్కలు పెట్టి కలపాలి. దిద్దేవాళ్లకిచ్చిన సరైన జవాబుల కీలో ఒకటే వంపు ఉంది. ఈ పత్రంలో పెద్ద వంపు లోపల ఇంకో చిన్న మెలిక ఉంది.

“దూరం మైనస్ వస్తే ఎదురు దిక్కున చుక్క పెట్టాలమ్మా. అప్పుడే లోపల మెలిక పడుతుంది. కీలో దాన్ని వదిలేశారు.”

ఆమెకు లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. కానీ కీ కింద పెద్దవాళ్ల సంతకం ఉంది. భోజనాల వేళలోపు ఇంకా ఇరవై పత్రాలు దిద్దాలి.

పక్క బల్ల దగ్గరి మాస్టారు పకపకా నవ్వాడు. “కట్టలాయన కూడా పాఠాలు మొదలెట్టాడండోయ్!”

ఆ నవ్వుకి ఆమె ముఖం కందిపోయింది.

“నీ పని కట్టలు మోయడం. పత్రాల్లోకి తొంగిచూడటం కాదు.”

సున్నా వేసింది. అక్కడితో ఊరుకోలేదు. కేంద్రాన్ని నడిపే క్యాంపు అధికారి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది.

సాయంత్రానికల్లా ఆయన్ని పొమ్మన్నారు.

వెళ్తూ వెళ్తూ ఆమె బల్ల దగ్గర ఆగాడు.

“ఒక్కసారి మీరే గీసి చూడండమ్మా. నా మీది కోపం ఆ పత్రం మీద చూపించకండి.”

ఆమె తర్వాతి పత్రం ముందుకు లాక్కుంది.

ఇంటికెళ్లాక అన్నానికి కూర్చుంది. పళ్లెం పక్కకు నెట్టి, కాగితం, స్కేలు, కోణమానిని ముందేసుకుంది.

సున్నా డిగ్రీల దగ్గర దూరం మూడు. తొంభై దగ్గర ఒకటి. నూట ఇరవై దగ్గర ఏమీ లేదు. నూట ఎనభై దగ్గర మైనస్ ఒకటి.

ఎదురు దిక్కున చుక్క పెట్టింది. చుక్కలన్నీ కలిపింది.

లోపల మెలిక పడింది.

“ఎన్ని పత్రాలకి సున్నాలు వేశానో!” అంది పైకే.

“ఏమైందే?” అని భర్త అడిగితే ఆ గీత చూపించింది.

తెల్లారగానే పరుగున వెళ్లి అధికారి ముందు కాగితం పెట్టింది. ఫోన్లు వెళ్లాయి. మధ్యాహ్నానికి కీ మారింది. దిద్దిన పత్రాలన్నీ మళ్లీ బల్లల మీదికి వచ్చాయి.

“ఆయన్ని వెనక్కి పిలిపించండి సార్. తప్పంతా నాదే.”

“కబురు పంపాను మేడం. గది ఖాళీ చేసి వెళ్లిపోయాడట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అసలు ఆయనకి ఇదంతా ఎలా తెలుసు?”

అధికారి బీరువా తెరిచి, అట్ట చిరిగిన ఫైలు ఒకటి తీశాడు.

“ముప్ఫయ్యేళ్ల క్రితం ఆయన ఇక్కడే లెక్కల పత్రాలు దిద్దేవాడు. అప్పుడూ ఇలాంటి గీతే, ఇలాంటి కీనే. మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చివరికి ఒక పత్రానికి కీని కాదని మార్కులు వేశాడు. ఆ పది మార్కులూ లేకపోతే ఆ పత్రం తప్పేదే. నియమం మీరాడని ఉద్యోగం ఊడబెరికారు. ఇంకే కాలేజీ గడప తొక్కనివ్వలేదు. నేనే జాలిపడి కట్టలు మోయడానికి పెట్టుకున్నాను.”

“ఆ పత్రం ఎవరిది?”

“ఎవరికి తెలుసు మేడం? ఆయనకే తెలీదు. నంబరు తప్ప పేరుండదు కదా.”

ఆమె ఫైలు తన వైపు తిప్పుకుంది.

ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు రెండో వరుసలో, ఆ పత్రం రాసిన విద్యార్థి నంబరు ఉన్నచోట, ఇన్నేళ్లయినా ఆమెకు కంఠతా ఉన్న తన హాల్ టికెట్ నంబరు కనిపించింది.