పరదా వెనక నడక

“ఇంకో ముక్క వెయ్యి, సుల్తాన్‌బీ! ఖాదర్ బాషా గారు బస్సుకు పోవాల,” అన్నాను.

పరదా కిందనుంచి చేపల పులుసు గిన్నె ఇవతలికి జరిగింది. పరాయి మగవాళ్లుంటే మా ఆవిడ పరదా దాటదు.

ఖాదర్ బాషా హాస్యమంటే నాకు పిచ్చి. ఆయన ఏ ఊళ్లో ఆడినా కుట్టుమిషను మూసిపెట్టి పోతాను. నిన్న మా అల్లూరు దర్గా గంధం పండగలో, పెట్రోమాక్సు దీపాల కింద, ఆయన ముసుగేసుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టి, ఎడంకాలు ఈడుస్తా నడిస్తే జనం పడీపడీ నవ్వినారు. అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టినాను. ఆడవాళ్లలో సుల్తాన్‌బీ కూడా ఉందని తర్వాత గుర్తొచ్చింది.

“అన్నా,” అంది ఆమె పరదా వెనకనుంచి. “మూడేళ్లుగా మా ఇంట్లో తింటా ఉండారు. నన్ను ఎప్పుడైనా చూసినారా?”

“లేదమ్మా. నీ గొంతు వినడం కూడా ఇదే మొదలు.”

“మరి నా నడక మీకెట్టా తెలిసింది?”

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

“నీ నడకా?” మెల్లగా నా వైపు తిరిగినాడు. “సంతలో ఎవరో ముసలామె నడకన్నావే, మదార్?”

ఊళ్లను నవ్వించే మనిషిని ఒక్కసారి నేను నవ్వించాలని, సుల్తాన్‌బీ పుట్టింటికి పోయినప్పుడు ఈ గదిలోనే ఆమె మాదిరి నడిచి చూపించినాను. ఆయన నవ్వినాడు. ఆ నవ్వు తలుచుకుని నెలంతా మురిసిపోయినాను.

పరదా తొలిగింది. సుల్తాన్‌బీ ఒక చేత్తో నీళ్లచెంబు పట్టుకుని, ఇంకో చెయ్యి మోకాలి మీదేసుకుని, ఎడంకాలు ఈడుస్తా మా ముందుకొచ్చింది.

“ఈయన సరిగ్గా నేర్పినాడో లేదో చూసుకోండన్నా,” అంది.