మేడమ్ గారి మార్కులు

యాభై ఆరేళ్ల వయసులో, పరాయి దేశంలో, సొంత కూతురి చేతిలో ఫెయిలయ్యాను.

ముప్పై ఏళ్లు మోటార్లు వైండింగ్ చేసినవాణ్ణి. పని వచ్చు, సర్టిఫికెట్ లేదు. అది సంపాదిద్దామని మా అమ్మాయి పాఠాలు చెప్పే కాలేజీలోనే చేరాను. "క్లాసులో నేను మేడమ్‌ని. అక్కడ మీ నాన్నరికం చూపించకండి" అని మొదటిరోజే హెచ్చరించింది. మహా నిక్కచ్చి మనిషి.

నిన్న ఆఖరి పరీక్ష. ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది.

"ఫ్యాన్ మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు. చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఏం పోయుంటుంది?"

"కెపాసిటర్, మేడమ్."

"తప్పు. మళ్ళీ చదువుకుని రండి."

ఈ దేశంలో కెపాసిటర్లు పోవు కాబోలనుకుని లేచి వచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో నా ముందు ఒక కాగితం పెట్టింది.

"కోపమా నాన్నా?"

"మేడమ్ గారి మీద నాకేం కోపం?"

"అయితే సంతకం పెట్టండి. ఫెయిలైనవాళ్లకి వీసా ఇంకో ఆరు నెలలు పొడిగిస్తారు. పాసైతే నెలాఖరుకే పంపించేస్తారు." తలెత్తి నా వైపు చూడలేదు.

సంతకం పెట్టాను. వచ్చే పరీక్షలో మేడమ్‌ని అబద్ధమాడే ఇబ్బంది పెట్టను. తప్పు జవాబు నేనే చెబుతాను.