ఆయ్ అంటే

మూత్రం ఎందుకు ఆగడం లేదో చూడ్డానికి, సువార్తమ్మ టీచరు మూత్రాశయంలోకి సన్నటి గొట్టంతో నీళ్లు ఎక్కిస్తోంది, వరంగల్ నుంచి అమలాపురానికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ.

"ఇంకొంచెం ఎక్కించనా?"

"ఆయ్."

డాక్టరమ్మ ఉలిక్కిపడి ఆపేసింది. "నొప్పయిందా?"

"లేదండి."

"అయితే ఎక్కించనా?"

"ఆయ్."

మళ్లీ ఆపేసింది.

టీచరుకి అప్పుడు సంగతి బోధపడింది. "ఆయ్ అంటే మాకు అవుననండి. నొప్పి కాదండి."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకి బల్ల తడిసిపోయింది. టీచరు చేతుల్లో మొహం దాచుకుంది.

"నేను చూడాలనుకున్నది ఇదే టీచర్ గారూ. వ్యాయామాలు నేర్పిస్తా, తగ్గుతది."

"దీనికి భయపడేనండి, బళ్లో ఇన్నేళ్లూ నవ్వలేదు. పిల్లలు నన్ను పులంటారు. ఇంక నవ్వచ్చాండి?"

"ఆయ్," అంది డాక్టరమ్మ.