మాడ్చిన నూనె

నూనెలో వేసిన రొట్టెముక్క బొగ్గయ్యేదాకా టైలరమ్మ పొయ్యి ఆర్పలేదు. నల్లబడితేనే కదా, కొత్త నూనె వాడిన నూనెలా కనిపించేది. ఒంటికాయ సొంఠికొమ్ములాంటి మనిషి, వారానికో డబ్బా నూనె ఏం వాడుతుంది పాపం. కానీ వాడిన నూనె ఉందంటేనే బయోడీజిల్ కార్ఖానా నుంచి నూనె అన్నయ్య సైకిలేసుకుని వస్తాడు. కాఫీ తాగుతూ గంటసేపు లోకాభిరామాయణం మాట్లాడతాడు. తను కుట్టిన చొక్కాకి రెండు చేతులూ ఎడమవే వచ్చిన కథ ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా, కొత్తగా విన్నట్టే నవ్వుతాడు. వారం మొత్తానికి ఆవిడ గొంతు విప్పేది ఆ గంటే.

ఇవాళ ఆయన డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్ళీ బిగించాడు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. ఇది కొత్త నూనె కదూ?"

ఆవిడ తేలు కుట్టిన దొంగలా తల దించుకుని కాఫీ గ్లాసు అందించింది.

"వాడిన నూనెని డీజిల్ చెయ్యాలంటే కాస్టిక్ సోడా ఎక్కువ పడుతుంది. రెండేళ్ళ కిందట నీ మొదటి డబ్బాకి కొత్త నూనెకి పట్టినంతే పట్టింది. అప్పుడే తెలిసిపోయింది."

"తెలిసీ అడగలేదేం అన్నయ్యగారూ?"

"మంచి నూనె ఎవరు కాదంటారు? హోటళ్ళ మడ్డిలో కలిపితే సరుకు బాగా దిగుతుంది. మా యజమానికీ సంతోషం."

"అందుకేనా వస్తున్నారు?"

ఆయన కాఫీ గ్లాసులోకి చూశాడు. "అంతేగా మరి."

ఖాళీ డబ్బా అక్కడ పెట్టి, నిండు డబ్బా సైకిలుకి కట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. తన కబుర్ల కోసం కాదు, నూనె కోసం వస్తున్నాడన్నమాట. వీధి చివర సైకిలు గంట వినపడగానే తల దువ్వుకుని, కుర్చీ దులిపి, గుమ్మంలో నిలబడ్డ రోజులన్నీ గుర్తొచ్చి తన మీద తనకే ఒళ్ళు మండింది. మాట్లాడే దిక్కు లేకపోతే గోడలతో మాట్లాడుకుంటుంది కానీ ఇలాంటి స్నేహం అక్కర్లేదనుకుంది. ఆ ఉక్రోషంలోనే, ఖాళీ డబ్బా మీద అచ్చేసి ఉన్న కార్ఖానా నంబరుకి ఫోన్ చేసింది. కాపలావాడు ఎత్తాడు.

"బాబూ, సైకిలు మీద నూనెకొచ్చే ఆయన్ని ఇకమీదట మా ఇంటికి పంపొద్దని మీ యజమానికి చెప్పు."

"ఆయన్ని ఎవరు పంపుతున్నారమ్మా?" అన్నాడు కాపలావాడు. "కార్ఖానా మూతపడి ఏడాదైంది."